సిగార్ డబ్బాలో పురుగు, పువ్వు, చిల్లు బూటు: పాత అమెరికా ఎన్నికల బిళ్ళల సంగతి

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం, హెచ్-1బి మీద. మొన్న శనివారం ఒక ఎస్టేట్ సేల్‌లో 8 డాలర్లకు పాత సిగార్ డబ్బా ఒకటి కొన్నాను. లోపల అధ్యక్ష ఎన్నికల ప్రచార సామాను ఉంది. బంగారు రంగు పురుగు, పసుపు గుడ్డ పువ్వు, చిల్లుపడ్డ బూటు అడుగు ఆకారంలో పిన్ను, ‘విన్’ అని రాసున్న ఎర్ర బిళ్ళ, ‘నాకూ కెప్టెన్ అవ్వాలనుంది’ అనే అర్థం వచ్చే ఇంకో బిళ్ళ, మెకిన్లీ బొమ్మతో ఒక రేకు బిళ్ళ. ఫోటోలు పంపుతున్నాను. ఇవన్నీ ఏమిటి? విలువ చేస్తాయా? మా ఆయన చెత్త కొన్నావంటున్నారు. ఇప్పటి ఎన్నికల వస్తువులు కూడా కొని దాచుకోవాలనుంది.

జవాబు:

ముందు మీ ఆయనకి చెప్పండి, పెట్టిన 8 డాలర్లూ ఆ పురుగు ఒక్కటే తెచ్చేస్తుంది. మిగతావన్నీ కొసరు.

నేనూ ఒహాయోలోనే ఉంటాను. ఇరవై రెండేళ్ళుగా ఈ పిచ్చి పట్టుకుంది. మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు నాకు వదిలేశారు, లింకన్ నుంచి ఒబామా దాకా అందరూ దాని మీద కూర్చుంటారు. ఇక్కడ వీటిని బటన్లు అంటారు గానీ చొక్కా గుండీలు కావు, వెనక సూది ఉండి కోటుకి గుచ్చుకునేవి. పూర్వం మన కచేరీల్లో బంట్రోతు ఛాతీ మీద బిళ్ళ ఉండేది చూడండి, ఆ జాతి. అందుకే నేనూ మీలాగే బిళ్ళ అనే రాస్తాను.

పురుగు 1896 నాటిది. ఆ ఏడు ఒహాయో మాజీ గవర్నర్ విలియం మెకిన్లీకీ, నెబ్రాస్కా నుంచి వచ్చిన 36 ఏళ్ళ విలియం జెన్నింగ్స్ బ్రయన్‌కీ పోటీ. గొడవంతా డబ్బు దేంతో చెయ్యాలన్న దాని మీద. పంటల ధరలు ఏటేటా పడిపోతున్నాయి, రైతు చేసిన అప్పు మాత్రం తగ్గట్లేదు. బంగారం ఒక్కటే ఆధారంగా ఉంటే చలామణిలో డబ్బు చాలదు, వెండిని కూడా అడిగినంత నాణెం కొట్టండి, 16 తులాల వెండికి తులం బంగారం లెక్క కట్టండి అని బ్రయన్ వాదన. బజార్లో అప్పటికి తులం బంగారానికి 30 తులాల వెండి వస్తోంది. అంటే అప్పున్నవాడికి సగం భారం దిగిపోతుంది, అప్పిచ్చినవాడు మునుగుతాడు. బ్యాంకులూ ఫ్యాక్టరీలూ బంగారం పక్షం, పల్లెలు వెండి పక్షం. బంగారం పక్షం వాళ్ళకి గోల్డ్‌బగ్ అని పేరు పడింది. బగ్ అంటే పురుగు కదా, వాళ్ళు నిజంగానే బంగారు పూత పూసిన పురుగుల్ని చేయించుకుని కోటుకి పెట్టుకు తిరిగారు. వెండి వాళ్ళు ఊరుకుంటారా? వెండి పురుగులు దించారు.

వెండి పక్షం బిళ్ళల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది గడియారం బొమ్మది. ముళ్ళు 12 గంటల 44 నిమిషాల దగ్గర ఆగి ఉంటాయి. తెలియనివాడు చూస్తే గడియారం దుకాణం వాడి ప్రకటన అనుకుంటాడు. ఒంటిగంటకు 16 నిమిషాలు తక్కువ, ఇంగ్లీషులో చదివితే ‘సిక్స్‌టీన్ టు వన్’. అదే వెండి బంగారాల నిష్పత్తి. ఇంత చిన్న బిళ్ళలో పొడుపుకథ ఇమిడ్చినవాణ్ణి మెచ్చుకోకుండా ఉండలేం.

బంగారం పక్షం ఎదురు దెబ్బ ఇంకా ఘాటైనది. గోరమ్, టిఫనీ లాంటి పేరున్న వెండి పనివాళ్ళు మామూలు డాలరు కన్నా పెద్ద వెండి నాణేలు చేశారు. గోరమ్ వాళ్ళ దాని మీద లెక్క చెక్కి ఉంటుంది: సర్కారు డాలర్లో 412½ గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకం) వెండి ఉంది, ఒక బంగారు డాలరుకి సరితూగాలంటే 823 గ్రెయిన్లు కావాలి, ఇదిగో ఇంత. బ్రయన్ చెప్పినట్టు చేస్తే జేబులో ఏం మోసుకెళ్ళాలో చేత్తో పట్టుకుని చూడమన్నమాట. ఉపన్యాసం చెయ్యలేని పని ఆ బరువు చేస్తుంది. చవక లోహంతో పోతపోసిన మోటు రకాలు కూడా బోలెడు వచ్చాయి. వీటన్నిటినీ కలిపి సేకర్తలు బ్రయన్ మనీ అంటారు. ఇవి మీకెక్కడైనా చవగ్గా కనిపిస్తే ఆలోచించకుండా తీసుకోండి.

అదే ఏడు ఇంకో విడ్డూరం, సబ్బు పాపాయి. అట్టపెట్టెలో సబ్బుతో చేసిన చంటిపిల్ల, మెడలో చీటీ, ‘మా నాన్న ఓటు మెకిన్లీకే’ అని. పెట్టె మూత తీస్తే శవపేటికలో బిడ్డని పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఇది చూసి ఎవరికి ఓటెయ్యాలనిపిస్తుందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. మా ఆవిడ మాత్రం దాన్ని ఇంట్లోకి రానివ్వనంది.

ప్రచారం తీరులోనూ ఇద్దరూ తూర్పూ పడమరే. బ్రయన్ రైలెక్కి 18,000 మైళ్ళు తిరిగి గొంతు పోయేదాకా మాట్లాడాడు. మెకిన్లీ ఒహాయోలోని కాంటన్‌లో తన ఇంటి అరుగు దిగలేదు. జనాన్నే ఆయన దగ్గరికి తెచ్చారు. రైలు కంపెనీలు టికెట్ ధర తగ్గించాయి, ఇంట్లో కూర్చోవడం కన్నా కాంటన్ వెళ్ళి రావడమే చవకని అప్పట్లో హాస్యం. మొత్తం ఏడున్నర లక్షల మంది వచ్చారని లెక్క. వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు, గుర్తుగా కంచె కర్రలు పీక్కుపోయారు, పచ్చిక తొక్కి మట్టి చేశారు. పార్టీ పంచింది కాక జనం దొంగిలించింది కూడా స్మారక చిహ్నమే అని నా లెక్క, కాకపోతే ఏ కర్ర మెకిన్లీ కంచెదో ఎవడు రుజువు చేస్తాడు?

మీ మెకిన్లీ బిళ్ళ సంగతి చివర్లో చెప్తాను, అది కొంచెం చేదు. ముందు బూటు.

ఆ బూటు పిన్ను డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి అడ్లై స్టీవెన్‌సన్‌ది. 1952, సెప్టెంబరు మొదటి సోమవారం, కార్మిక దినం, మిషిగన్‌లోని ఫ్లింట్ నగరం. వేదిక మీద స్టీవెన్‌సన్ కాలు మీద కాలేసుకుని కూర్చుని తన ప్రసంగం కాగితాలు చూసుకుంటున్నాడు. స్థానిక పత్రిక ఫోటోగ్రాఫర్ విలియం గల్లఘర్ వేదిక అంచున కూర్చుని, కెమెరా కింద పెట్టి, సరిగ్గా చూడను కూడా చూడకుండా నొక్కాడు. ఫోటోలో కుడికాలి బూటు అడుగున చిల్లు! ఆ ఫోటోకి మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతొకటుంది. స్టీవెన్‌సన్ పేదవాడేం కాదు. ఇలినాయ్ గవర్నర్, తాత దేశానికి ఉపాధ్యక్షుడు చేసినవాడు. మరీ పండితుడు, సామాన్యుడికి అందడు అని ఆయన మీద విమర్శ. అలాంటి మనిషికి చిల్లు బూటు దేవుడిచ్చిన వరమైంది. ఎదుటివాళ్ళు నవ్వేలోపే అభిమానులు వెండితో చిల్లు బూటు పిన్నులు చేయించి పెట్టుకున్నారు. ‘బుర్రలో చిల్లు కన్నా బూటులో చిల్లు నయం’ అని ఒక నినాదం కూడా. ఆయన ఓడిపోయాడు, 442 ఎలక్టోరల్ ఓట్లకు (రాష్ట్రాలవారీగా లెక్కేసి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) 89. అయినా ఆ ఎన్నికలో మిగిలిన వస్తువుల్లో ప్రాణమున్నది ఇదే. ‘ఐ లైక్ ఐక్’ (ఐక్ ముద్దుపేరు) అని గెలిచిన ఐజన్‌హోవర్ వాళ్ళు బిళ్ళలే కాదు, ఆడవాళ్ళ మేజోళ్ళ మీద కూడా అచ్చేశారు. వాటిలో ఈ చమత్కారం లేదు. మీ పిన్ను వెనక ‘స్టెర్లింగ్’ అని చెక్కి ఉందేమో భూతద్దంతో చూడండి. ఉంటే అది వెండి, కాస్త మంచి ధర పలుకుతుంది.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, పార్టీ ఆఫీసులో నలుగురు కూర్చుని ఆలోచించి చేసిన వస్తువులు చాలావరకు చప్పగా ఉంటాయి. శత్రువు విసిరిన రాయిని పట్టుకుని గుడి కట్టుకున్నప్పుడే గట్టి వస్తువు పుడుతుంది. దీనికి మూలపురుషుడు 1840లో ఉన్నాడు. అది మీ డబ్బాలో లేకపోయినా చెప్పకుండా ఉండలేను.

అప్పటి పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ వాళ్ళు విలియం హెన్రీ హ్యారిసన్ అనే ముసలి జనరల్‌ని నిలబెట్టారు. బాల్టిమోర్‌లో ఎదుటి పక్షపు పత్రిక ఒకటి వెక్కిరించింది: ఆయనకో పీపా ఆపిల్ కల్లు, ఏడాదికి 2,000 డాలర్ల పింఛను పడేస్తే చాలు, దుంగల గుడిసెలో కూర్చుని మిగతా జీవితం గడిపేస్తాడు అని. హార్డ్ సైడర్‌ని ఆపిల్ కల్లు అంటే అచ్చంగా సరిపోతుంది, పులిసిన ఆపిల్ రసమే కదా. విగ్ పార్టీ వాళ్ళు ఆ ముక్కని కళ్ళకద్దుకున్నారు. అవును, మా వాడు గుడిసెలోవాడే, మీవాడే మేడలో వెండి గిన్నెల్లో తింటాడు అన్నారు. ఊరూరా బళ్ళ మీద దుంగల గుడిసెలు కట్టి ఊరేగించారు, పక్కనే పీపా, వచ్చినవాడికల్లా ఓ లోటా. నిలువెత్తు కన్నా పెద్దవైన బంతులు చేసి, వాటి మీద నినాదాలు రాసి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దొర్లించుకుపోయారు. మన రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నుంచి కొలంబస్ దాకా అలా ఒక బంతి వెళ్ళింది. బంతి దొర్లుతూనే ఉండాలి అన్న ఇంగ్లీషు నానుడి అప్పుడే ఊరూరా పాకింది.

నిజం ఏమిటంటే హ్యారిసన్ వర్జీనియాలో బర్కిలీ అనే పెద్ద ఎస్టేటులో పుట్టినవాడు. తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన పెద్దమనిషి. మేడలో తింటాడని తిట్టించుకున్న మార్టిన్ వాన్ బ్యూరెన్ ఒక పూటకూళ్ళ సత్రం నడిపేవాడి కొడుకు. తారుమారు అంటే ఇదీ! హ్యారిసన్ గెలిచాడు. ప్రమాణ స్వీకారం రోజు చలిలో దాదాపు రెండు గంటలు మాట్లాడి, సరిగ్గా నెలకి పోయాడు.

గుడిసె బొమ్మ ఎక్కని వస్తువు లేదు ఆ ఏడాది. పట్టు రుమాళ్ళు, గాజు పలకలు, తల దువ్వుకునే బ్రష్షులు, మెడలో కట్టుకోవడానికి చిల్లు పెట్టిన ఇత్తడి బిళ్ళలు. వోటు లేని ఆడవాళ్ళు కూడా రుమాళ్ళు ఊపుతూ సభలకొచ్చారు. ఇందులో నన్ను నవ్వించేది పింగాణీ. గుడిసె బొమ్మలున్న హ్యారిసన్ పళ్ళేలు ఇంగ్లండులో తయారై ఓడల మీద వచ్చాయి. ఇంగ్లిషు వాళ్ళతో యుద్ధం చేసిన జనరల్ గారి దేశభక్తిని ఇంగ్లిషు కుమ్మరి అమ్ముకున్నాడు. నా దగ్గర అలాంటి సాసరు ఒకటుంది, అంచు విరిగింది, అందుకే నా జీతంలో దొరికింది. నీలిరంగు గుడిసె, ముంగిట పీపా, దూరంగా నది. వేలి గోరుతో తడిమితే గ్లేజు కింద బొమ్మ తగలదు, నున్నగా ఉంటుంది.

వాన్ బ్యూరెన్ పక్షం కూడా ఒకటి వదిలిపోయింది, దాన్ని మీరూ నేనూ రోజూ వాడుతున్నాం. ఆయనది న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్ అనే ఊరు. ఆయన్ని ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనేవాళ్ళు, పొడి అక్షరాల్లో ఓ.కె. ఆ పేరుతో క్లబ్బులు పెట్టారు. ‘ఆల్ కరెక్ట్’ని కావాలని తప్పుగా రాసి ఓ.కె. అని కుదించడం అంతకు ముందు ఏడాదే బోస్టన్ పత్రికలో ఒక హాస్యంగా మొదలైంది. ఎన్నిక దాన్ని దేశమంతా తిప్పింది. మనిషి ఓడాడు, మాట నిలిచింది. ఇవాళ మా అత్తగారు భీమవరం నుంచి ఫోన్ పెట్టేసే ముందు ‘ఓకే మరి’ అంటే నాకు కిండర్‌హుక్ గుర్తొస్తుంది.

ఈ దారిలో ఇంకా చాలా ఉన్నాయి. ఆండ్రూ జాక్సన్‌ని గాడిద అన్నారు, ఆ గాడిదే చివరికి డెమొక్రాట్ల గుర్తయింది. మన దగ్గరైతే గుర్తు ఎన్నికల సంఘం ఇస్తుంది, ఇక్కడ ఆ గాడిదా, రిపబ్లికన్ల ఏనుగూ వ్యంగ్య చిత్రకారుల చలవ. 2011లో ఒబామా పుట్టింది ఇక్కడ కాదని గోల చేసినప్పుడు, ఆయన జనన ధ్రువపత్రం బయటపెట్టాక ప్రచార బృందం ఆ పత్రాన్ని కాఫీ మగ్గు మీద అచ్చేసి అమ్మింది. ఒక పక్క పత్రం, ఇంకో పక్క ఫోటో, కింద ‘మేడ్ ఇన్ ద యూఎస్ఏ’. 2016లో హిల్లరీ క్లింటన్ ట్రంప్ అభిమానుల్లో సగం మందిని ‘డిప్లోరబుల్స్’ అంటే, వాళ్ళు ఆ మాటే టీషర్టుల మీద వేసుకు తిరిగారు. ఆమెని ట్రంప్ ‘నాస్టీ వుమన్’ అంటే ఆమె వైపు ఆడవాళ్ళు దాన్నీ వేసుకున్నారు. తిట్టినవాడే డిజైనర్.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పసుపు పువ్వు పొద్దుతిరుగుడు, 1936లో కాన్సాస్ గవర్నర్ ఆల్ఫ్ లాండన్‌ది. కాన్సాస్ రాష్ట్ర పుష్పం అది. నవంబరు వచ్చేసరికి ఆ పువ్వు వాడిపోతుందని ఎదుటి అభ్యర్థి, అధ్యక్షుడు రూజ్వెల్ట్ వైపు వాళ్ళు ఎద్దేవా చేశారు, అలాగే అయింది. రెండే రాష్ట్రాలు, మెయిన్, వెర్మాంట్, 8 ఎలక్టోరల్ ఓట్లు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి ఓటు కార్డులు పంపి లాండనే గెలుస్తాడని చాటింది, తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఈ పువ్వులు లక్షల్లో చేశారు. నేను తిరిగే సంతల్లో ఐదు, పది డాలర్లు. పురుగులు గుడ్డ రేకుల్ని కొట్టకపోతే అదే గొప్ప.

కెప్టెన్ బిళ్ళ 1940ది. రూజ్వెల్ట్ మూడోసారి నిలబడ్డాడు. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే యువకుల్ని సైన్యంలోకి తీసుకునే చట్టం వచ్చింది, అప్పుడే ఆయన కొడుకు ఎలియట్‌కి ఏకంగా కెప్టెన్ హోదా ఇచ్చారు. మా పిల్లలు సిపాయిలు, మీ అబ్బాయి కెప్టెనా అని జనం మండిపడ్డారు. ఆ మంటంతా ఈ అంగుళంపావు బిళ్ళలో ఉంది. ఎదుటి అభ్యర్థి విల్కీ పక్షం ఆ ఏడాది ఇలాంటి ఎత్తిపొడుపు బిళ్ళలు కుప్పలుగా పోసింది, ‘మాకు ఎలినోర్ కూడా వద్దు’ అని ఆయన భార్య మీద కూడా. చదువుతుంటే భలే ఉంటాయి గానీ విల్కీకి 82 ఎలక్టోరల్ ఓట్లే వచ్చాయి. ధర తక్కువ, దాచుకోండి.

ఎర్ర బిళ్ళ అసలు ఎన్నికలది కాదు. 1974 అక్టోబరులో అధ్యక్షుడు ఫోర్డ్ ధరల పెరుగుదల మీద యుద్ధం ప్రకటించి, ‘విప్ ఇన్‌ఫ్లేషన్ నౌ’ పొడి అక్షరాలు ‘విన్’ అని బిళ్ళ పెట్టుకుని వచ్చాడు. జనం ఆ బిళ్ళని తలకిందులుగా పెట్టుకున్నారు, ‘ఎన్ఐఎమ్’ అని కనబడుతుంది, ‘నో ఇమ్మీడియట్ మిరకిల్స్’, ఇప్పట్లో అద్భుతాలేం జరగవు అని. రెండేళ్ళ తర్వాత ఆయన్ని ఓడించింది వేరుశనగ రైతు జిమ్మీ కార్టర్. ఆ వేరుశనగ వస్తువులు వేరే లోకం. ఆయన ఊరు ప్లెయిన్స్‌లో పళ్ళికిలిస్తూ నిలబడ్డ 13 అడుగుల వేరుశనగ కాయ ఉంది, అనంతపురం వాళ్ళెవరైనా అటు వెళ్తే ఫోటో దిగి తీరాలి.

విలువ సంగతికొస్తే, చాలామంది పొరబడేది గెలిచినవాడి బిళ్ళ ఖరీదు ఎక్కువుంటుందని. కాదు. డబ్బున్న ప్రచారం లక్షల బిళ్ళలు పంచుతుంది, అవన్నీ అటకల మీద మిగిలి ఉంటాయి. డబ్బుల్లేక కొద్దిగా చేసి ఓడిపోయినవాడిదే దొరకదు. 1920లో ఇద్దరూ ఒహాయో వాళ్ళే, ఇద్దరూ పత్రికల యజమానులే: మారియన్‌లో వారెన్ హార్డింగ్, డేటన్‌లో జేమ్స్ కాక్స్. ఓడిపోయిన కాక్స్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి ఎవరనుకున్నారు, 38 ఏళ్ళ ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్. ఇద్దరి బొమ్మలూ కలిసున్న బిళ్ళలు చాలా తక్కువే మిగిలాయి. 2022లో ఒకటి వేలంలో లక్షా 80 వేల డాలర్లు దాటింది. కోటిన్నర రూపాయల దరిదాపు, ఒక రేకు ముక్కకి. ఇలా రెండు ముఖాలున్న బిళ్ళని సేకర్తలు జుగేట్ అంటారు. కాడి అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. మన యుగళం కూడా ఆ వేరుదే. కాబట్టి నేను యుగళ బిళ్ళ అంటాను, మీరూ అలాగే అనుకోవచ్చు.

అదే 1920లో మూడో మనిషి సోషలిస్టు పార్టీ అభ్యర్థి యూజీన్ డెబ్స్. మెకిన్లీ అరుగున్న ఆ కాంటన్ ఊళ్ళోనే 1918లో యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు పదేళ్ళ శిక్ష పడింది. అట్లాంటా జైల్లో ఉండే పోటీ చేశాడు. బిళ్ళ మీద ఖైదీ దుస్తుల్లో ఫోటో, ‘అధ్యక్ష పదవికి ఖైదీ నంబరు 9653’. తొమ్మిది లక్షల పైన ఓట్లొచ్చాయి. 2023లో ట్రంప్ తన మీద కేసులో తీసిన జైలు ఫోటోని మగ్గుల మీదా చొక్కాల మీదా వేసి అమ్మితే టీవీలో వింతగా మాట్లాడారు. మా బిళ్ళలవాళ్ళకి కొత్తేం అనిపించలేదు.

ఇప్పటి వస్తువులు దాచాలన్నారు. ఇక్కడ మాత్రం ఆగి చదవండి. ఒకప్పుడు బిళ్ళలు ఊరికే పంచేవాళ్ళు, ఇప్పుడు ప్రచార బృందాలే దుకాణం పెట్టి అమ్ముతున్నాయి. 2019లో ట్రంప్ వాళ్ళు పది ప్లాస్టిక్ స్ట్రాలు 15 డాలర్లకు అమ్మి కొద్ది రోజుల్లోనే లక్షల డాలర్లు పోగేశారు. 2020లో ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చలో ట్రంప్ వైపు పెన్స్ తల మీద ఈగ వాలితే, బైడెన్ వాళ్ళు ఈగల బ్యాట్ 10 డాలర్లకు పెట్టారు, చూస్తుండగానే అయిపోయింది. ఇలా అభ్యర్థి సొంత దుకాణంలో కొన్నదంతా చట్టం దృష్టిలో వస్తువు కొనడం కాదు, చందా. పౌరులూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ తప్ప విదేశీయులెవరూ అమెరికా ఎన్నికలకి చందా ఇవ్వకూడదు. హెచ్-1బి మీద ఉన్న మీరు టోపీ సరదాగా కొన్నా అది చందా కిందే లెక్క. కాబట్టి అధికారిక వెబ్‌సైటు జోలికి పోకండి. అభ్యర్థితో సంబంధం లేకుండా సభ బయట అమ్ముకునేవాడి దగ్గరో, ఎన్నికయ్యాక పాత సామాన్ల దుకాణంలోనో కొనండి. నేనైతే నవంబరు ఎన్నిక తర్వాతి వారం ఓడిపోయిన పక్షం ఆఫీసు వెనక చెత్తడబ్బా చూస్తాను. నవ్వకండి, నా దగ్గరున్న మంచి పోస్టర్లు రెండు అలా వచ్చినవే.

ఇక మెకిన్లీ బిళ్ళ. మీ ఫోటోలో అది నకిలీలా కనబడుతోంది.

1896లో నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ ఆ కాలపు అసలు రకం బిళ్ళని దేశమంతా పరిచింది. రేకు చక్రం మీద అచ్చేసిన కాగితం, దాని మీద పల్చటి సెల్యులాయిడ్ పొర, అంచు వెనక్కి మడిచి రింగుతో బిగిస్తారు, లోపల వంచిన తీగ సూది. చాలా వాటికి వెనక గుంటలో కంపెనీ పేరూ పేటెంటు తేదీలూ ఉన్న చిన్న గుండ్రటి కాగితం ఉంటుంది. పక్కకి వంచి దీపం కింద చూస్తే సెల్యులాయిడ్ పాత నేతిలా కొద్దిగా పసుపెక్కి, లోతుగా మెరుస్తుంది. తడి తగిలిన చోట కాగితం మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. మీ దాంట్లో రంగు నేరుగా రేకు మీదే ఉంది, గీత పడ్డ చోట రేకు తెల్లగా కనబడుతోంది. రేకు మీద నేరుగా అచ్చేసిన ప్రచార బిళ్ళలు 1916, 1920 దాకా రాలేదు. 1901లో చనిపోయిన మెకిన్లీకి ఆ యోగం లేదు.

1972 ప్రాంతంలో ఒక పెట్రోలు కంపెనీ, అంతకు ముందు కాగితం రుమాళ్ళ కంపెనీ ఒకటి, పాత బిళ్ళల నకళ్ళు సెట్లుగా పంచాయి. బిళ్ళ అంచు మడిచిన చోట చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసుంటుంది, భూతద్దం పెట్టి చుట్టూ తిప్పి చూడండి. కొన్నిటికి ఆ అంచు ఎవరో గీకేసి ఉంటారు, అది ఇంకా అనుమానించాల్సిన సంగతి. 1973లో వచ్చిన చట్టం ప్రకారం నకలు మీద తయారైన సంవత్సరం వెయ్యాలి, అంతకు ముందువాటికి ఆ కట్టుబాటు లేదు.

బాధపడకండి. నేను ఈ పిచ్చిలో దిగిన మొదటేడు ఒక సంతలో సరిగ్గా ఇలాంటి బిళ్ళకే 90 డాలర్లు పోశాను. అమ్మినాయన తెల్లగడ్డం, చేతి వణుకు, ‘మా తాతగారిది’ అన్న మాట, అన్నీ కలిసి నన్ను పడగొట్టాయి. ఇంటికొచ్చి అంచు తిప్పి చూస్తే 1972. ఇప్పటికీ అది నా కొలువు మెట్టు మీదే ఉంది, పక్కనే అసలు దాన్ని పెట్టాను. ఇంటికొచ్చిన పిల్లలకి రెండూ ఇచ్చి ఏది దొంగదో కనిపెట్టమంటాను. మీ 8 డాలర్ల డబ్బాలో అదీ ఉంటే పాఠం ఉచితంగా వచ్చినట్టే.

ఇత్తడి పురుగు కాస్త చిలుమెక్కినట్టుంది. చింతపండు పెట్టి తోమాలని చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు, దేవుడి సామాను అలవాటు. వద్దు. పైపూత పోతే విలువా పోతుంది. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి వదిలెయ్యండి. సెల్యులాయిడ్ వాటిని నీళ్ళలో ముంచకండి, ఎండలో పెట్టకండి. పువ్వుని విడిగా కాగితంలో చుట్టి ఉంచండి.

ఇంకొక్కటి చూసి చెప్పండి. ఈ పురుగుల్లో రెండు రకాలున్నాయి, ఊరికే పోతపోసినవి, మీట ఉన్నవి. మీ ఫోటోలో తోక దగ్గర చిన్న పొడుపు లాంటిది కనబడుతోంది, నీడో మీటో తేల్చుకోలేకపోతున్నాను. గోరుతో చాలా మెల్లగా, పువ్వు తుంచినంత సుతారంగా కదిపి చూడండి. 1896 నాటి స్ప్రింగు, బలం పెడితే విరుగుతుంది. మీట అయితే రెక్కలు టక్కున విచ్చుకుంటాయి, లోపల ఒకదాని మీద మెకిన్లీ, ఇంకోదాని మీద ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి గారెట్ హోబర్ట్, గోరంత ఫోటోలు. విచ్చుకుంటే మళ్ళీ మూయకుండా అలాగే ఫోటో తీసి పంపండి.